కలప బేరంతో జూనిపర్‌కు అడ్డుకట్ట పడుతుందా?

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పెన్సిల్ కంపెనీల ఏజెంట్లు అమెరికాలోని టెనెసీ పల్లెల్లో తిరుగుతూ రైతుల పాత కంచెలను బేరమాడేవారు. పాత చెక్క కంచె మాకిచ్చేయండి, బదులుగా కొత్త తీగ కంచె వేయిస్తామనేవారు. ఆ కంచెల్లో ఉన్నది ఈస్టర్న్ రెడ్ సెడార్ చెక్క. పేరులో సెడార్ (దేవదారు) ఉన్నా అది జూనిపర్ అనే సతతహరిత జాతి చెట్టే. పేడు లేవకుండా చాకుకు మెత్తగా తెగే దాని ఎర్రటి చేవ మీదే ఆనాటి పెన్సిల్ పరిశ్రమ నడిచింది. ఫ్లోరిడాలోని సెడార్ కీ దగ్గర దీని దగ్గరి రకాన్ని ఫేబర్, ఈగిల్ కంపెనీల మిల్లులు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఊడ్చేశాయి. టెనెసీ అడవుల్లోనూ చేవదేరిన చెట్లు కరువయ్యాక కంచెల మీద పడ్డారు. చివరికి పరిశ్రమ కాలిఫోర్నియా ఇన్సెన్స్ సెడార్ అనే వేరే చెట్టుకు మళ్లిపోయింది.

అదే రెడ్ సెడార్ ఇప్పుడు ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా గడ్డి మైదానాలను మింగేస్తోంది. అది రోజుకు 762 ఎకరాల చొప్పున పరుచుకుంటోందని 2002లో ఓక్లహోమా రాష్ట్రం వేసిన టాస్క్‌ఫోర్స్ అంచనా కట్టింది. టెక్సస్‌లో యాష్ జూనిపర్, ఒరెగాన్‌లో వెస్టర్న్ జూనిపర్ కూడా ఇదే దారిలో ఉన్నాయి. మూడూ స్థానిక జాతులే. ఎక్కడినుంచో వచ్చి పడ్డ చెట్లు కావు. తమ హద్దు దాటి పచ్చిక బయళ్లలోకి దిగడమే వీటితో వచ్చిన చిక్కు.

ఒకప్పుడు గిరాకీయే ఈ చెట్టును కరువు చేసింది కదా, ఇప్పుడూ ఆ పని గిరాకీకే అప్పగిస్తే పోదా అన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఎకరానికింత అని సర్కారు డబ్బు పోసి నరికించే బదులు, కలపగా అమ్ముకుంటే నరుకుడు ఖర్చు దానంతటదే రాదా? ఒరెగాన్‌లో 1990ల నుంచి ఈ ఆలోచన మీద పని జరుగుతోంది. మిల్లులు పెట్టారు, పరీక్షలు చేశారు, చట్టాలు చేశారు. ఇన్నేళ్ల అనుభవం చూస్తే కలప వాడకం వల్ల మేలు ఉంది. చెట్టు విస్తరణను ఆపే శక్తి మాత్రం దానికి లేదు. మార్కెట్ చిన్నది కాబట్టి ఇలా అయిందని చాలామంది అంటారు. అసలు కారణం వేరే ఉంది. మిల్లుకు కావలసిన చెట్టూ, నేల బాగు కోసం ముందుగా నరకాల్సిన చెట్టూ ఒకటి కావు.

గుట్ట దిగిన చెట్టు

వెస్టర్న్ జూనిపర్ వెయ్యేళ్లకు పైగా బతకగలదు. అంత వయసున్న చెట్లు ఒరెగాన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అవన్నీ దాదాపుగా రాతి గుట్టల మీద, మట్టి పలచగా ఉండి గడ్డి సరిగా మొలవని చోట్ల కనిపిస్తాయి. కింద లోతైన మట్టి ఉన్న నేలలు సేజ్‌బ్రష్ పొదలవి, గుత్తిగడ్డివి. పక్షులు పండు తిని వేసిన విత్తనం అక్కడా మొలిచేది. కానీ కొన్ని దశాబ్దాలకోసారి వచ్చే కార్చిచ్చు ఎండుగడ్డి మీదుగా పాకి ఆ లేత చెట్లను చంపేసేది. మంటను గుట్టల మీదికి మోసుకుపోయే గడ్డి లేక ముసలి చెట్లు బతికిపోయేవి.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గొర్రెలూ పశువులూ పెద్ద సంఖ్యలో ఈ బయళ్ల మీద పడ్డాయి. గడ్డి పోయింది, దాంతో మంట పాకే దారీ పోయింది. ఆ తర్వాత మంట ఎక్కడ పుట్టినా ఆర్పడం ప్రభుత్వ విధానమైంది. ఆ కాలంలో వానలు బాగా పడటం, చలికాలాలు మెత్తగా ఉండటం కూడా కలిసొచ్చాయి. తూర్పు ఒరెగాన్‌లో జూనిపర్ అడవి 1936 నాటి సర్వేలో 4.2 లక్షల ఎకరాలు. 1988 నాటికి అది 22 లక్షలకు చేరింది. చెట్లు పలచగా ఉన్న బయళ్లను కూడా కలిపితే విస్తీర్ణం ఇంకా చాలా ఎక్కువ. ఇప్పుడున్న చెట్లలో అత్యధికం 1870 తర్వాత మొలిచినవే.

ఓక్లహోమా కథలో ఇంకో మెలిక కూడా ఉంది. 1930ల దుమ్ము తుపానుల తర్వాత గాలివాటును అడ్డుకోవడానికి కేంద్ర ప్రభుత్వం ఉత్తర డకోటా నుంచి టెక్సస్ వరకు 1934-42 మధ్య సుమారు 22 కోట్ల చెట్లు నాటించింది. కరువును తట్టుకునే రెడ్ సెడార్ కూడా వాటిలో ఉంది. అంటే ఇప్పుడు సర్కారు డబ్బుతో నరికిస్తున్న చెట్లలో కొన్నింటి తల్లిచెట్లను నాటించింది సర్కారే.

నష్టం మాటకొస్తే, సేజ్ గ్రౌస్ అనే నేల పక్షి విషయం తిరుగులేనిది. నేల మీద జూనిపర్ నీడ 4 శాతం దాటిన చోట ఈ పక్షుల జత కూడే బయళ్లు ఖాళీ అయిపోతాయని 2013లో వచ్చిన పరిశోధన చూపింది. నాలుగు శాతమంటే మామూలు కంటికి అది అడవిగా కూడా కనిపించదు, అక్కడక్కడా చెట్లున్న బయలు, అంతే. గ్రద్దలూ కాకులూ వాలడానికి ఆ కాసిన్ని చెట్లు చాలు. దక్షిణ ఒరెగాన్‌లోని వార్నర్ కొండల్లో జూనిపర్ తీసేసిన ప్రాంతంలో ఈ పక్షుల పెరుగుదల రేటు, తీయని పక్క ప్రాంతం కన్నా సుమారు 12 శాతం ఎక్కువగా నమోదైంది.

నీటి విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. ఒక్కో చెట్టు రోజుకు ఇన్ని గ్యాలన్ల నీరు తాగేస్తుందని పశువుల పెంపకందారుల సమావేశాల్లో వినిపించే అంకెలు వేసవిలో పెద్ద చెట్టుకు, తడి నేలకు వర్తించవచ్చు. వాటిని ఏడాది పొడవునా, ప్రతి చెట్టుకూ గుణించి ఇంత నది మాయమైందని చెప్పడం లెక్క కాదు. ఒరెగాన్‌లోని క్రూక్ కౌంటీలో క్యాంప్ క్రీక్ దగ్గర పక్కపక్కనే ఉన్న రెండు చిన్న పరీవాహక ప్రాంతాలను ఏళ్ల తరబడి కొలిచి, 2005 ప్రాంతంలో ఒకదానిలో జూనిపర్‌ను దాదాపుగా తొలగించారు. అక్కడ ఊట పెరిగింది, మట్టిలో తేమ ఎక్కువ కాలం నిలిచింది. వాన మరీ తక్కువ పడే చోట్ల చెట్లు పోతే మిగిలే నీటిని గడ్డీ ఎండా తీసేసుకుంటాయి, వాగు దాకా చేరేది తక్కువ. కలప వ్యాపారానికి మద్దతు కూడగట్టే వాళ్లు నీటి అంకెలనే ముందు పెట్టడం కనిపిస్తుంది. నిలబడే వాదన పక్షులది, గడ్డిది.

మూడు దశలు, ఒక తలకిందుల లెక్క

ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ మిల్లర్, ఆయన సహచరులు జూనిపర్ చొరబాటును మూడు దశలుగా విడదీశారు. మొదటి దశలో చెట్లు ఉంటాయి కానీ పొదలదీ గడ్డిదీ పైచేయి. రెండో దశలో ఇద్దరూ సమానం. మూడో దశకు వచ్చేసరికి చెట్టుదే రాజ్యం. సేజ్‌బ్రష్ ఎండి మోడులైపోతుంది, చెట్ల మధ్య నేల బోసిగా మారి వాలుల మీద మట్టి కొట్టుకుపోతుంది.

ఈ వర్గీకరణ కలప చర్చకు తాళంచెవి లాంటిది. మొదటి దశలో చెట్లు నడుమెత్తు, తలెత్తు ఉంటాయి. ఒక మనిషి రంపంతో రోజులో చాలా నేల శుభ్రం చేయగలడు. కింద గడ్డీ పొదలూ ప్రాణంతో ఉన్నాయి కాబట్టి చెట్టు తీసిన మరుసటి వానాకాలం నుంచే నేల కోలుకుంటుంది. పెట్టిన ప్రతి డాలరుకూ అత్యధిక ఫలం ఇక్కడే. ఈ దశలో అమ్ముకోవడానికి మాత్రం ఒక్క దుంగ కూడా రాదు.

మూడో దశలో దుంగలు వస్తాయి. కానీ అక్కడ చెట్టు తీశాక మొలవడానికి కింద మంచి గడ్డి విత్తనమే మిగిలి ఉండదు. ఆ ఖాళీని చీట్‌గ్రాస్, మెడూసాహెడ్ అనే పరదేశీ ఏకవార్షిక గడ్డి జాతులు ఆక్రమిస్తాయి. అవి వేసవి మొదట్లోనే ఎండిపోయి ఏటా మంటలకు మేతవుతాయి. ఒక బెడద పోయి ఇంకో బెడద కూర్చుంటుంది. దాన్ని తప్పించాలంటే మళ్లీ విత్తనం చల్లాలి, పశువులను కొన్నాళ్లు దూరంగా ఉంచాలి. ఇవన్నీ ఖర్చులే.

అంటే కలప విలువ పెరిగేకొద్దీ పర్యావరణ ఫలం తరుగుతుంది. చెట్లు ఎక్కడ తీయాలన్నది మార్కెట్‌కే వదిలేస్తే అది నేరుగా మూడో దశ నేలలకు పోతుంది. గ్రౌస్ పక్షి బతికున్న మొదటి దశ బయళ్ల వైపు కన్నెత్తి చూడదు. పైగా ఇంకో ఇరవై ముప్ఫై ఏళ్లు ఆగితే దుంగ తయారవుతుంది కదా అని భూయజమాని ఎదురుచూసే ప్రమాదం కూడా ఉంది. వార్నర్ కొండల్లో మంచి ఫలితం వచ్చిన పనిలో చెట్లను చాలావరకు నరికి అక్కడే వదిలేశారు, లేదంటే కుప్పవేసి కాల్చారు. అమ్మకం కోసం చేసిన పని కాదది.

దుంగ నుంచి గుంజ దాకా

అలాగని కలప చెడ్డది కాదు. వెస్టర్న్ జూనిపర్ చేవ అద్భుతమైనది. కోర్వాలిస్ దగ్గర ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 1920ల చివర్లో రకరకాల చెక్క గుంజలు నేలలో పాతి, ఏది ఎన్నాళ్లకు పుచ్చుతుందో చూడటం మొదలుపెట్టింది. తడి ఎక్కువగా ఉండే ఆ నేలలో, ఏ మందూ పూయని జూనిపర్ గుంజలు సగటున 30 ఏళ్లు నిలబడ్డాయి. మందు పెట్టని చెక్కల్లో అంతకాలం ఆగినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

దీనికి తోడు ఒక అవకాశం కలిసొచ్చింది. అమెరికాలో కంచె గుంజలకు, పెరటి నిర్మాణాలకు వాడే చెక్కను దశాబ్దాల పాటు ఆర్సెనిక్ కలిసిన రసాయనంతో శుద్ధి చేసేవారు. 2003 చివరితో ఇళ్ల అవసరాలకు ఆ రసాయనం వాడకం ఆగిపోయింది. సేంద్రియ సాగు నిబంధనలైతే పంటకూ మట్టికీ తగిలే చోట అటువంటి చెక్కను కొత్తగా వాడకూడదంటాయి. దాంతో సేంద్రియ ద్రాక్షతోటలకు గుంజలుగా, పెరట్లో కూరగాయల మడులకు పలకలుగా, బళ్ల ఆటస్థలాల్లో దిమ్మెలుగా జూనిపర్‌కు ఒక చోటు దొరికింది. అధిక ధర పెట్టగలిగే, రసాయనం వద్దనుకునే కొనుగోలుదారులు వీళ్లు. వాళ్ల సంఖ్య ఎప్పుడూ పరిమితమే.

ధర ఎందుకు ఎక్కువంటే, ఈ చెట్టు ఆకారం చూస్తే చాలు. నేల నుంచే కొమ్మలు. మొదలు లావుగా మొదలై గబగబా సన్నబడుతుంది. మాను మెలితిరిగి, మధ్యలో బెరడు చెక్కలోకి దూరి ఉంటుంది. ఒక్కో చెట్టు నుంచి ఎనిమిది అడుగుల దుంగ ఒకటి వస్తే గొప్ప. బెరడులో ఇరుక్కున్న ఇసుక రంపం పళ్లను మొద్దుబారుస్తుంది. ముడులు లేని పలక అపురూపం. పైన్ చెట్టును కోసే మిల్లులో రోజులో వచ్చే కోత కలపలో చిన్న వంతు కూడా జూనిపర్‌తో రాదు. ఇంకో మాట, పుచ్చకుండా నిలిచేది చేవ మాత్రమే. దాని చుట్టూ ఉండే తెల్లచెక్క మిగతా చెట్ల చెక్కలాగే పుచ్చిపోతుంది. బయళ్లలోకి కొత్తగా దిగిన కుర్ర చెట్లలో ఉండేది ఎక్కువగా ఈ తెల్లచెక్కే.

చెట్లున్నది ఎక్కడో, కొనేవాళ్లున్నది ఎక్కడో. ఫాసిల్ అనే చిన్న పట్నంలో జూనిపర్ కోసే సామిల్లు నడిచింది. అది ముఖ్యపట్నంగా ఉన్న వీలర్ కౌంటీ మొత్తం జనాభా 2020 లెక్కల్లో 1,451. పోర్ట్‌లాండ్ మార్కెట్ అక్కడికి కొన్ని గంటల ప్రయాణం. మట్టి రోడ్లు, చెల్లాచెదురు చెట్లు, వాన పడితే లారీ కదలని నేల. 1990ల్లో తూర్పు ఒరెగాన్‌లో మామూలు సామిల్లులే వరసగా మూతపడ్డాయి. వాటితో దుంగలు లాగే యంత్రాలు, లారీలు, పని తెలిసిన మనుషులు కూడా తగ్గిపోయారు. చెక్కను మండించే బయోమాస్ బాయిలర్లకు చిన్న ముక్కలుగా కొట్టి పంపుదామన్న ఆలోచనలూ వచ్చాయి. ఇంధనంగా వచ్చే ధర చాలా తక్కువ, దూరం కాస్త పెరిగితే లారీ కిరాయికే సరిపోతుంది.

ఇంకో అడ్డంకి చాలాకాలం ఎవరి కంటా పడలేదు. ఏ చెక్క ఎంత బరువు మోస్తుందో అధికారికంగా ఖరారైన అంకెలు లేకపోతే ఇంజినీర్లు దాన్ని డిజైన్‌లో రాయలేరు, ప్రభుత్వ శాఖలు టెండర్లలో పెట్టలేవు. జూనిపర్‌కు ఆ అంకెలు లేవు. 2015లో ఒరెగాన్ శాసనసభ చేసిన రెండు చట్టాలతో మిల్లులకు రుణాలు, గ్రాంట్లు, సాంకేతిక సాయం అందే ఏర్పాటు జరిగింది. విశ్వవిద్యాలయ పరీక్షలతో బల ప్రమాణాలు కూడా ఖరారయ్యాయి. రోడ్డు పక్క సూచిక స్తంభాల వంటి వాడకాలకు తలుపు తెరుచుకుంది. ప్రభుత్వం చేసిన పనుల్లో ఇది తెలివైనది. ఒక్కో మిల్లుకు సబ్సిడీ పోయడం కన్నా ఇటువంటి అంకె ఒకటి ఇవ్వడం ఎక్కువ కాలం పనికొస్తుంది. సరఫరా నిలకడగా లేని చోట పెద్ద ఆర్డరు వచ్చినా మిల్లు ఊపిరాడక సతమతమవుతుందన్నది మాత్రం అలాగే ఉంది.

ముసలి చెట్ల భయం

మార్కెట్ నిజంగా బలపడితే రెండో చిక్కు మొదలవుతుంది. నిండా చేవ ఉన్నది ఎక్కడ? గుట్టల మీది ముసలి చెట్లలో. పెన్సిల్ కంపెనీలు ఊడ్చేసింది కూడా అటువంటి చెట్లనే. వెస్టర్న్ జూనిపర్‌లో 1870కి ముందువాటిని నరకకూడదని తొలగింపు పథకాలు సాధారణంగా నియమం పెడతాయి. గుండ్రటి తల, లోతుగా చీలిన బెరడు, ఎండిన పెద్ద కొమ్మలు చూసి వాటిని గుర్తుపడతారు. టన్ను లెక్కన డబ్బిచ్చే కాంట్రాక్టులో ఈ నియమం ఎంత నిలబడుతుందో ఊహించడం కష్టం కాదు.

టెక్సస్‌లో ఈ వైరుధ్యం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యాష్ జూనిపర్ చేవ నుంచి సెడార్ నూనె తీసే పరిశ్రమ అక్కడ దశాబ్దాలుగా నడుస్తోంది. సబ్బులకు, అత్తర్లకు ఆ నూనె వెళ్తుంది. ఇన్నేళ్ల వ్యాపారం ఉన్నా చెట్టు విస్తరణ తగ్గలేదు. ఇంకోవైపు, 1990 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉన్న గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అనే చిట్టి పక్షి గూడు కట్టుకునేది ముదురు యాష్ జూనిపర్ నుంచి ఊడివచ్చే బెరడు పీచుతోనే. ఒకే జాతి చెట్టు, కుర్రదైతే బెడద, ముదిరితే ఆవాసం. టన్నుల్లో తూచే తక్కెడకు ఈ తేడా తెలియదు.

తుమ్మతో పోలిస్తే

చెట్టును వాడి చెట్టును తగ్గించడమన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. సర్కారు తుమ్మ (ప్రోసోపిస్ జూలిఫ్లోరా) విషయంలో అనంతపురం, ప్రకాశం, నెల్లూరు వైపు బొగ్గు బట్టీలు దశాబ్దాలుగా చేస్తున్నది అదే. 2000ల్లో వచ్చిన చిన్న బయోమాస్ విద్యుత్ ప్లాంట్లు కూడా ఈ కంపను ఇంధనంగా కొన్నాయి. ఎంత కొట్టినా తుమ్మ తరగలేదు. కారణం, కొట్టిన మొదలు నుంచి పిలకలు వేసి రెండు మూడేళ్లలో మళ్లీ కోతకొస్తుంది. బట్టీ పెట్టుకున్నవాడికి అది కలుపు కాదు, పంట. దాన్ని వేళ్లతో పెకలించాలని అతనికి ఎందుకుంటుంది?

వెస్టర్న్ జూనిపర్‌కు, రెడ్ సెడార్‌కు, యాష్ జూనిపర్‌కు ఈ గుణం లేదు. అన్నిటికన్నా కింది పచ్చికొమ్మకు కిందుగా కోస్తే చెట్టు చచ్చినట్టే. (టెక్సస్‌లోనే ఉన్న రెడ్‌బెర్రీ జూనిపర్ మాత్రం మళ్లీ చిగురిస్తుంది, దాని సంగతి వేరు.) ఆ లెక్కన జూనిపర్‌ను కలప కోసం కొట్టడం తుమ్మను బొగ్గు కోసం కొట్టడం కన్నా మెరుగైన ఆయుధం. కొట్టిన చెట్టు కొట్టినట్టే పోతుంది. కాకపోతే పక్షులు వేసిన విత్తనాలు మట్టిలో ఉంటాయి, పొదల నీడలో మోకాలెత్తు పిల్లలు ఉంటాయి. దుంగ కోసం వచ్చిన మనిషి వాటిని వదిలేస్తాడు. ఇరవై ముప్ఫై ఏళ్లలో అవే మళ్లీ బయలును కప్పుతాయి. అప్పటికి కూడా అవి మిల్లుకు పనికిరావు. తుమ్మలో వ్యాపారి మరీ తొందరగా తిరిగొస్తాడు, జూనిపర్‌లో రావాల్సిన సమయానికి రాడు.

బిల్లులో ఎవరి వాటా ఎంత

మళ్లీ మొలిచే పిల్ల చెట్లను తీసే రెండో రౌండు పనికి ఇప్పటివరకు దొరికిన చౌకైన సాధనం నిప్పే. నెబ్రాస్కాలోని లోయెస్ కాన్యన్స్ ప్రాంతంలో పశువుల పెంపకందారులు సంఘంగా ఏర్పడి, నీళ్ల ట్యాంకర్లూ మనుషులనూ పంచుకుంటూ ఒకరి పొలం తర్వాత ఒకరిది అదుపులో పెట్టి కాలుస్తున్నారు. లేత చెట్లు అలా పోయినంత తేలిగ్గా రంపంతో పోవు. నిప్పంటే భయం సహజమే. కానీ రెడ్ సెడార్ నిండిన బయలును ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో 2016 మార్చిలో ఓక్లహోమా, కాన్సస్ సరిహద్దులో రేగిన ఆండర్సన్ క్రీక్ మంట చూపింది. సుమారు 3.7 లక్షల ఎకరాలు కాలిపోయాయి. నూనె నిండిన ఆ చెట్లు అంటుకుంటే ఆర్పడం సిబ్బంది తరం కాదు. అయితే మూడో దశ జూనిపర్ తోపులో చెట్ల కింద గడ్డి ఉండదు కాబట్టి అదుపులో పెట్టే మంట పాకదు. ముందు కొన్ని చెట్లు పడగొట్టాలి. సరిగ్గా అక్కడ, రోడ్డుకు దగ్గరగా, కుర్ర చెట్లయినా కాస్త లావెక్కిన చోట, మిల్లు వచ్చి దుంగలు పట్టుకుపోతే నరుకుడు ఖర్చులో కొంత వెనక్కి వస్తుంది.

దీన్ని లాభంగా కాక బిల్లులో రాయితీగా లెక్కేస్తే చాలా గందరగోళం పోతుంది. అమెరికాలో ఈ పనులకు నిధులిచ్చే పథకాలు ఎక్కువగా ఎకరం లెక్కన చెల్లిస్తాయి. చెట్టు నేలకూలితే చాలు, అది అక్కడే ఎండిపోయినా మిల్లుకు చేరినా చెల్లింపు అంతే. దాంతో కాంట్రాక్టరుకు దుంగను రోడ్డు దాకా లాగాలన్న ఆసక్తి ఉండదు. ఈ లాగుడు ఖర్చుకు మాత్రం విడిగా కొంత చెల్లిస్తే, ఏ బయలు ముందు శుభ్రం చేయాలన్న నిర్ణయం పక్షి పటం, గడ్డి పటం చూసే అధికారి చేతిలోనే ఉంటుంది. మిల్లుకు ఎలాగూ పడే చెట్లలోంచి ఏరుకునే వీలు దొరుకుతుంది. ముసలి చెట్లకు ముందే రంగు గుర్తు వేసి, చెల్లింపును టన్నుకు ముడిపెట్టకుండా ఉంచితే వాటి మీద కన్ను పడదు. ఐదో ఏటో పదో ఏటో పిల్ల చెట్లను ఏరేసే పనికి డబ్బు మొదటి ఒప్పందంలోనే విడిగా కట్టిపెట్టాలి. ఇప్పుడు చాలా పథకాల్లో లోటు అక్కడే. నరుకుడు జరిగిన ఏడాది ఎకరాలన్నీ నివేదికలో చేరిపోతాయి, తర్వాత ఆ బయలు ఏమైందో చూసేందుకు పద్దు ఉండదు.

ఫాసిల్ లాంటి ఊళ్ల వరకు చూస్తే మిల్లు నిలబడటం వేరే కారణంతో కూడా ముఖ్యం. పదిమందికి పని దొరికితే అంత చిన్న ఊళ్లో అది పెద్ద సంగతి. రంపం, లారీ నడపగల మనుషులు ఊళ్లో మిగిలి ఉంటేనే రేపు మొదటి దశ బయళ్ల మీద పిల్ల చెట్లు కోయడానికైనా, నిప్పు పెట్టి కాయడానికైనా ఎవరో ఒకరు దొరుకుతారు. ఈ ప్రయోజనం కలప అమ్మకాల లెక్కల్లో ఎక్కడా కనిపించదు. ఒరెగాన్ చట్టసభ పెట్టిన డబ్బుకు గట్టి సమర్థన మాత్రం ఇందులోనే ఉంది.